వదినె తాగని మందార చాయ్

మెదక్ బస్టాండు బయట, ఆటోలు ఆగేచోట, నీలం రంగు తోపుడు బండి ఒకటి ఉంటుంది. దాని వెనక నిలబడి ఒక చేత్తో పాలగిన్నె దించుతూ, ఇంకో చేత్తో గ్లాసులు కడుగుతూ, నోటితో ఎవరినో ఒకరిని దబాయిస్తూ కనిపించే మనిషి యాదలక్ష్మి. ఊళ్లో ఆమె చేతి చాయ్ తాగనివాళ్లు తక్కువ. కండక్టర్లు తాగుతారు. కోర్టు పనిమీద వచ్చినవాళ్లు కేసు గెలిచినా తాగుతారు, ఓడినా తాగుతారు. చర్చి చూడ్డానికొచ్చి ఎండకు వాడిపోయిన పట్నం పిల్లలు కూడా ఆ బండి దగ్గరే తేరుకుంటారు.

ఇంతమంది గొంతు తడిపిన యాదలక్ష్మి ఒక్క మనిషి చేత మాత్రం పదేళ్లకు పైగా గుక్కెడు పచ్చినీళ్లు తాగించలేకపోయింది. ఆ మనిషి పరాయిదేం కాదు. సాక్షాత్తూ ఆమె ఆడబిడ్డ, మొగుడికి తోడబుట్టిన అక్క, కుల్చారం ఐలవ్వ.

ఈ కథ వినేముందు ఒక సంగతి చెప్పాలి. ఆ ఇద్దరికీ పడదనుకునేరు, అదేం కాదు. టేక్మాల్ నుంచి కొత్త కోడలిగా యాదలక్ష్మి ఈ ఇంటికి వచ్చేసరికే అత్తగారు మంచాన పడి ఉంది. ఏడాది తిరక్కుండానే పోయింది. అత్త లేని లోటు ఐలవ్వ తీర్చింది. ముమ్మూర్తులా అత్తలాగే తీర్చింది, అంటే ప్రేమా చూపింది, సణుగుడూ సణిగింది. యాదలక్ష్మి కూతురు రచన పుట్టినప్పుడు కుల్చారంలో వరికోతలు వదిలిపెట్టి వచ్చి, పసిపిల్లకు రోజూ నలుగు పెట్టి నీళ్లు పోసింది. బాలింతకు పథ్యం వండి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. యాదలక్ష్మికి కన్నతల్లి కూడా అంత చెయ్యలేదు. ఆ మాట యాదలక్ష్మే అంటుంది, ఐలవ్వ వినకుండా.

యాదలక్ష్మి మొగుడు పరమేశ్ ఆటో నడుపుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో ఉన్న నాలుకలు చాలవా అని ఊరుకుని ఉంటాడు.

ఇక గొడవ సంగతి. ఆ ఇంటి పెరట్లో ఒంటిరెక్క మందార చెట్టు ఉండేది. పెళ్లి కాకముందు ఐలవ్వ ఎక్కడినుంచో కొమ్మ తెచ్చి నాటింది. అత్తారింటికి పోయాక ఎప్పుడు పుట్టింటికి వచ్చినా చెప్పులు విడిచి నేరుగా పెరట్లోకే పోయేది. చెట్టును ఒకసారి కింద నుంచి పైదాకా చూసుకుని, పువ్వొకటి కోసి కొప్పులో పెట్టుకున్నాకే తమ్ముణ్ణి పలకరించేది. పుట్టింటి మీది కాకి వాలినా మురిసిపోయే ఆడబిడ్డకు, తన చేత్తో నాటిన చెట్టంటే ఎంత ఉండాలి? యాదలక్ష్మికి ఇది తెలుసు. తెలిసీ చేసింది.

బండి పెట్టిన కొత్తలో పాలు కాచడానికి, కట్టెలు పెట్టుకోవడానికి పెరట్లో రేకుల షెడ్డు వెయ్యాలనుకుంది. చెట్టేమో సరిగ్గా అక్కడే ఉంది. పైగా ఆ ఏడు దానికి తెల్లపురుగు పట్టి కొమ్మలన్నీ బూడిద పూసినట్టు అయ్యాయి. ఒకరోజు యాదలక్ష్మి గొడ్డలి తీసుకుని మొదలుదాకా నరికేసింది. ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటు ఆమెకు అప్పటికీ లేదు, ఇప్పటికీ లేదు.

రాఖీ పున్నానికి ఐలవ్వ వచ్చింది. చెప్పులు విడిచింది. పెరట్లోకి పోయింది. మొద్దు చూసింది.

"ఎవలు నరికిన్రు?"

"నేనే వదినె. పురుగు వట్టింది. మందు గొట్టినా పోలె. షెడ్డుకు జాగ గావాలె."

"నన్నొక మాట అడిగినవా?"

ఇక్కడ యాదలక్ష్మి ఊరుకుంటే కథే లేదు. 'తప్పయింది వదినె' అంటే చాలు, ఐలవ్వ నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయేది. కానీ ఆ నోరు ఊరుకునే నోరు కాదు కదా. "ఇంట్ల చెట్టు గొట్టేందుకు గూడ దరఖాస్తు వెట్టుకోవాల్నా?" అనేసింది.

ఐలవ్వ అరవలేదు. అరిచినా బాగుండేది. "నా పుట్టింట్ల నా చెట్టుకే జాగ లేకపాయె, ఇగ నాకేడ జాగ ఉంటది?" అంది. "ఇనుకో యాదలచ్చిమీ, గీ ఇంట్ల నేను పచ్చినీళ్లు ముట్ట. ఒట్టు."

తమ్ముడికి రాఖీ మాత్రం కట్టింది. వాడేం చేశాడు పాపం. తమ్ముడు నోట్లో పెట్టబోయిన మిఠాయిని చేత్తో అందుకుని కొంగున ముడివేసుకుంది. బస్సెక్కి ఊరు దాటాక తిన్నదట.

అప్పటినుంచి మొదలైంది చూడండి తమాషా. ఐలవ్వ రావడం మానలేదు. ప్రతి రాఖీకి వచ్చేది, బోనాలకు వచ్చేది, రచనకు జ్వరమొస్తే వచ్చేది. వచ్చినప్పుడల్లా భుజాన సంచీ, సంచీలో కుల్చారం నీళ్ల సీసా. ముందు గదిలో కూర్చుని అందరి మంచీ చెడూ అడిగేది, తల నొప్పంటే నూనె రాసేది, గొంతెండితే మాత్రం తన సీసా తీసేది. పెరటి దిక్కు తల కూడా తిప్పేది కాదు. తాను ముట్టనిది పచ్చినీళ్లే అయినా, ఇంటిల్లిపాదికీ మూడు చెరువుల నీళ్లు తాగించింది.

అంతకన్నా ఘోరం బస్టాండులో జరిగేది. కుల్చారం బస్సు దిగగానే యాదలక్ష్మి బండి ముందునుంచే నడిచి, ఎదురుగా ఉన్న దామోదర్ బండి దగ్గర చాయ్ తాగేది. తాగి, ఇటొచ్చి, "గాయన చాయ్‌ల అల్లం ఎక్కువైంది" అని యాదలక్ష్మికే చెప్పేది. ఆ పూట యాదలక్ష్మి చాయ్ తాగినవాళ్లను అడగండి, ఎలా ఉండేదో. ఒకరికి చక్కెర రెండుసార్లు పడేది, ఒకరికి అసలే పడేది కాదు.

చెట్టు చావలేదు. మరుసటి వానలకు మొద్దు పక్కనుంచి ఎర్రటి చిగుళ్లు వేసింది. యాదలక్ష్మి చూసింది. అప్పటికే షెడ్డు వేసి ఉంది, చిగురు రేకు కిందనే లేచింది. ఏం చెయ్యాలి? ఆమె రేకు కోసేవాణ్ణి పిలిపించి, కప్పుకు ఒక మూల గుండ్రంగా కోయించింది. చెట్టు అందులోంచి పైకి పోయింది. వానొస్తే ఆ సందులోంచి నీళ్లు పొయ్యి మీదే పడతాయి. పొయ్యిని జరుపుకుంది గానీ సందు మూయలేదు. పురుగు రాకుండా వేపనూనె కొట్టింది, ఎరువేసింది, ఎండాకాలం గిన్నెలు కడిగిన నీళ్లన్నీ దాని మొదట్లోనే పోసింది.

"అక్కకు చెప్దామా?" అని పరమేశ్ ఒకటికి రెండుసార్లు అడిగాడు.

"నువ్వు చెప్పినవంటే చూడు. ఆమె పెరట్లకొస్తే ఆమెకే కనవడ్తది. అడిగితే నేనే చెప్త."

ఆమె అడగలేదు. ఈమె చెప్పలేదు. నడుమ పరమేశ్ అడకత్తెరలో పోకచెక్కయి, అక్క వచ్చిన రోజు ఆటోకు లేని రిపేరు కల్పించుకుని బయటే ఉండేవాడు.

చెట్టు పెద్దదైంది. విరగబూసింది. దేవుడి పటాలకు పెట్టగా, వాడకట్టు ఆడవాళ్లకు ఇవ్వగా ఇంకా బోలెడు పూలు రాలిపోయేవి. వాటిని ఊడ్చి పారెయ్యడానికి యాదలక్ష్మికి చెయ్యి రాలేదు. ఏరి ఆరబెట్టడం మొదలుపెట్టింది. ఎందుకు ఆరబెడుతున్నావంటే తలనూనెలోకి అనేది. ఆ నూనెతో మెదక్ మొత్తానికి తల అంటవచ్చు, అన్ని పూలు ఎండాయి.

కిందటేడు ఎండాకాలం డిగ్రీ చదివే రచన ఫోన్లో ఏదో చూసి, "అమ్మా, గివిటితోని చాయ్ చేస్తరట, ఐసేసుకుని తాగుతరట" అంది.

"నెత్తికి రాసుకునేటిది తాగుతరా? వాళ్లకేమన్న పిచ్చా?"

అన్నదే గానీ ఆ సాయంత్రమే పొయ్యి మీద నీళ్లు పెట్టింది. చాయ్ విషయంలో ఆమెకు తెలియనిదొకటి ఉందంటే నిద్రపట్టదు. మొదటిసారి పువ్వును తొడిమతో వేసింది, జిగురొచ్చింది. రెండోసారి బాగా మరిగించింది, చేదొచ్చింది. పారబోసి పారబోసి చివరికి దారి కనుక్కుంది. తొడిమా, మధ్యనుండే కాడా తీసేసి రేకులు మాత్రమే ఉంచుకోవాలి. ఎండలో కాదు, నీడలో, పల్చటి గుడ్డ మీద ఆరబెట్టాలి. నీళ్లు తెర్లి మరిగాక పొయ్యి ఆర్పి, అప్పుడు గుప్పెడు రేకులూ, చితక్కొట్టిన అల్లం ముక్కా వేసి మూత పెట్టాలి. కాసేపటికి మూత తీస్తే నీళ్లు నేరేడు పండు రంగులో ఉంటాయి. వడగట్టి, చక్కెర కలిపి, చల్లారనిచ్చి, అప్పుడు నిమ్మకాయ పిండాలి. పిండీ పిండగానే ఆ నేరేడు రంగు కాస్తా ఎర్రగా మారిపోతుంది. మొదటిసారి ఆ రంగు మారడం చూసి యాదలక్ష్మి చిన్నపిల్లలాగా పరమేశ్‌ను పిలిచి చూపించింది. ఐసు వేసి తాగితే ఎండలో తిరిగొచ్చిన ప్రాణం లేచి కూర్చుంటుంది.

బండి మీద గాజు జాడీలో పోసి, నిమ్మచెక్కలు తేలేసి పెట్టింది. ఒక్కడు ముట్టుకోలేదు. జాడీని చూసి జనం కొంచెం పక్కకు తప్పుకుని పోతున్నారు. చివరికి కండక్టర్ నగేష్ నోరు విప్పాడు.

"అక్కా, పొద్దుగాల పొద్దుగాల ఎవలికి దిష్టి దీసినవ్? ఎర్రనీళ్లు, నిమ్మకాయ బండి మీదనే వెట్టుకున్నవ్."

అదీ సంగతి. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్లు మనిషి చుట్టూ తిప్పి దారిలో పారబోస్తారు గానీ, గ్లాసులో పోసుకుని ఎవరు తాగుతారు? యాదలక్ష్మి మర్నాడు గాజు జాడీ తీసేసి స్టీలు డ్రమ్ము పెట్టింది. లోపలి రంగు కనపడకపోయేసరికి జనం తాగారు. తాగాక రంగు చూశారు, అయినా ఇంకోటి అడిగారు. ఎర్ర చాయ్ అని పేరు కూడా వాళ్లే పెట్టారు.

గ్లాసు గ్లాసుకూ యాదలక్ష్మికి ఒకటే అనిపించేది. ఎవరి చెట్టు పువ్వు, ఎవరు తాగుతున్నారు అని. ఎదురు బండి దగ్గర ఐలవ్వ చాయ్ ఊదుకుంటూ కనపడితే, ఇక్కడ గరిటె ఆగిపోయేది.

ఈ ఎండాకాలం యాదలక్ష్మికి గర్భసంచి ఆపరేషన్ పడింది. కడుపు నొప్పిని ఏడాదిగా దాస్తూ వచ్చింది, ఇక దాగలేదు. దవాఖానలో చేరిన రోజే మొదటి బస్సుకు ఐలవ్వ దిగింది, దుప్పటీ చాపా చంకన పెట్టుకుని.

"వరినాట్లు లేవు, కోతలు లేవు, ఇంటికాడ నాకేం పని?" అని మంచం పక్కన చాప పరిచింది. మరదలికి తల దువ్వింది. నర్సుతో కొట్లాడి ఫ్యాను కింది మంచం ఇప్పించింది. దాహమేస్తే మరదలి సీసానే ఎత్తి గటగటా తాగేసింది.

యాదలక్ష్మి గుడ్లప్పగించి చూసింది.

"ఏం జూస్తున్నవ్? దవాఖాన నీ ఇల్లు గాదు గద" అంది ఐలవ్వ, మూతి తుడుచుకుంటూ.

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు యాదలక్ష్మికి మొదటిసారి భయమేసింది. "వదినె, నాకేమన్న అయితే," అని మొదలుపెట్టింది.

"నోరు ముయ్యి. నీకేం గాదు. నీ నోటికి యముడు గూడ దూరంనుంచే దండం వెట్టి పోతడు."

చక్రాల మంచం కదిలింది. యాదలక్ష్మి పైకప్పు చూస్తూ ఒకే మాట తలచుకుంది. నిజంగా నేను పోతే, ఈమె నా గుమ్మంలో కూర్చుని గుండెలు బాదుకుంటుంది, ఏడ్చి ఏడ్చి గొంతెండిపోతుంది, అప్పుడు కూడా నా ఇంట్లో నీళ్లు ముట్టదు. తన సీసాయే తీస్తుంది. ఆ ఊహకు ఆమెకు చావు భయం కూడా చిన్నదైపోయింది. బతికి బయటపడితే ఇంటికి పోయిన రోజే వదినె చేత తాగించాలి. ఆ తర్వాత ఏమైనా కానీ.

బతికింది. ఏమీ కాలేదు. ఇంటికి పంపిస్తామన్న రోజు పొద్దున్నే, ఐలవ్వ మందులకు పోయిన సందు చూసుకుని రచనకు ఫోన్ చేసింది.

"బిడ్డా, అల్మారల సీసాల పువ్వు రేకులున్నయి. ఎర్ర చాయ్ చెయ్యి. మంచిగ చెయ్యి. అత్తమ్మకు."

"అత్తమ్మ తాగదు గదమ్మా."

"తాగదని నాకూ ఎర్కనే. గా చెట్టు పూలని చెప్పి నేనే ఇస్త. నువ్వు చేసి వెట్టు. నిమ్మకాయ మాత్రం సల్లారినంకనే పిండు."

రచన చెప్పింది చెప్పినట్టే చేసింది. కానీ కరెంటు పోయింది. ఫ్రిజ్జు ఆగిపోయింది. త్వరగా చల్లారాలని ఆ పిల్ల చాయ్‌ని వెడల్పాటి స్టీలు గిన్నెలో పోసి, గాలి తగిలేచోటని గడప పక్కన పీట మీద పెట్టింది. చల్లారాక నిమ్మకాయ పిండి, అందంగా ఉండాలని సగం నిమ్మచెక్క తేలేసి, రెండు పుదీనా ఆకులు వేసింది. ఆటో ఇంకా రాలేదు కదా అని ఐసు కోసం వీధి చివర భూలక్ష్మి కొట్టుకు పరిగెత్తింది.

ఆటో అప్పుడే వచ్చింది. గుంత గుంతకూ పరమేశ్‌ను తిడుతూ వచ్చిన ఐలవ్వ ముందు దిగి, మరదలి రెక్క పట్టుకుని మెల్లగా దింపింది. గుమ్మం దాకా నడిపించుకొచ్చి ఆగింది.

"ఆగు, గడప దాటకు." ఐలవ్వ కళ్లు పీట మీద పడ్డాయి. ఎర్రటి నీళ్లు, నిమ్మచెక్క. ఆమె మొహం విప్పారింది. "సూడు, నా కోడలికి ఎంత బుద్ధి. చెప్పకముందే దిష్టి నీళ్లు తయ్యారు వెట్టింది. బొగ్గు ముక్క వెయ్యలే, ఏదో ఆకేసింది. పోనీ, గీ కాలం పిల్లలు గదన్న చేసిన్రు."

యాదలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టబోయింది. "వదినె, గవి…"

"మాట్లాడకు. దిష్టి దీసేటప్పుడు మాట్లాడొద్దని ఎర్కలేదా?"

పుట్టి బుద్ధెరిగాక యాదలక్ష్మి నోరు మూసుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇది అందులో ఒకటి. పచ్చి ఒళ్లు, కుట్ల నొప్పి, మీద ఆచారం. బొమ్మలా నిలబడిపోయింది. పరమేశ్ ఆటోలోంచి సంచులు దించసాగాడు. ఐలవ్వ రెండు చేతులా గిన్నె ఎత్తి మరదలి చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి. వచ్చెటోళ్ల దిష్టి, పొయ్యెటోళ్ల దిష్టి. బస్టాండు దిష్టి, బస్సుల దిష్టి. గా ఎదురుబండి దామోదర్‌ది పెద్ద దిష్టి."

రెండుసార్లు తిప్పింది. మూడోసారి తిప్పుతుంటే ఆమె గొంతు తగ్గింది. ఎవరికీ వినపడకూడదన్నట్టు అంది గానీ, యాదలక్ష్మి అంత దగ్గర్లోనే ఉంది.

"ఆడిబిడ్డ దిష్టి. నీళ్లు ముట్టనని ఒట్టువెట్టిన నా నోటి దిష్టి. గదే దీని కడుపుల వడ్డదో ఏమో. అన్నీ గీ నీళ్లల్ల వడి పోవాలె."

మూడుసార్లు ఉమ్మేయించింది. గిన్నె పట్టుకుపోయి రోడ్డు మీద అడ్డంగా పారబోసింది.

యాదలక్ష్మికి కళ్లు మసకబారాయి. తాగించాలనుకున్నది మట్టిపాలైంది. అయినా ఆమెకు దుఃఖం అందుకు రాలేదు. ఇన్నేళ్లూ ఈమె తన మీద కోపంతో సీసా మోస్తోందనుకుంది. ఆ ఒట్టు మరదలికి ఎక్కడ తగులుతుందోనని లోపల వణుకుతూ మోస్తోందని ఇప్పుడే తెలిసింది.

రచన ఐసు కవరుతో పరిగెత్తుకొచ్చింది. ఖాళీ గిన్నె చూసింది, రోడ్డు చూసింది. ఆ ఎర్రటి తడి మీద అప్పటికే ఈగలు ముసురుతున్నాయి.

"దిష్టి నీళ్లకు ఈగలెట్ల వడ్తయే?" అంటూ ఐలవ్వ చేతివేళ్లు ఒకదానికొకటి రుద్దుకుంది. జిగటగా ఉన్నాయి. వాసన చూసింది. అల్లం వాసన.

"అత్తమ్మా, గవి తాగేటియి," అంది రచన ఏడుపు గొంతుతో. "నీ కోసమే చేసిన. అమ్మ చేపిచ్చింది."

ఐలవ్వ గడప మీద కూలబడింది. "నా కోసమా? నేను ముట్టనని మీకు ఎర్కనే గద."

దిష్టి అయిపోయింది. ఇక యాదలక్ష్మి నోటికి అడ్డం లేదు.

"ఎర్కనే. ఎర్కుండే చేపిచ్చిన. నీ చెట్టు పూలు వదినె గవి."

"నా చెట్టేడిది? నరికితివి గద."

"నరికిన. అది మళ్ల మొలిసింది. పోయి సూడు పెరట్ల."

ఐలవ్వ లేచింది. ఇన్నేళ్లుగా తల తిప్పని దిక్కుకు నడిచింది. వెనకే గోడ పట్టుకుంటూ యాదలక్ష్మి, ఆమెను పట్టుకుంటూ రచన. షెడ్డు లోపలికి పోయి ఐలవ్వ తలెత్తింది. రేకులో గుండ్రటి సందు, సందులోంచి పైకి పోయిన చెట్టు, పైన ఎండలో పూలు. అంచు రేకు కొమ్మకు గీసుకోకుండా పాత చీర ముక్క చుట్టి ఉంది. ఆమె ఆ చీర ముక్కను వేలితో తడిమింది. పాత మొద్దును తడిమింది.

"గిన్నేండ్లు నాకు చెప్పలే."

"నువ్వు అడగలే."

"నేనడగకపోతే నువ్వు చెప్పొద్దా?"

"నేను చెప్పకపోతే నువ్వొచ్చి సూసుకోవద్దా?" అని యాదలక్ష్మి ఏడ్చేసింది. "నరికినందుకు మస్తు ఏడ్చిన వదినె. గా మాట చెప్పనీకి నోరు రాలె. ఎన్ని మాటలొస్తయి నాకు, గదొక్కటి రాలె."

ఐలవ్వ ఆమె వైపు చూడలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇగ ఏడువకు, కుట్లు వట్టేస్తయి. పువ్వులున్నయా, అన్ని అయిపోయినయా?"

"ఉన్నయి."

"నీళ్లు వెడ్త. ఎట్ల జెయ్యాల్నో చెప్పు. నువ్వు మాత్రం లేవకు."

"మరి ఒట్టు?" అంది రచన. కుర్రతనం, ఊరుకోలేకపోయింది.

"ఒట్టేడున్నదే? గిప్పుడే గద రోడ్డు మీద పారవోసి వచ్చిన" అంది ఐలవ్వ.

ఆ పూట పెరట్లో కుర్చీ వేసుకుని యాదలక్ష్మి చెబుతుంటే, ఆ ఇంటి పొయ్యి మీద ఐలవ్వ చాయ్ చేసింది. పొయ్యి ఆర్పాక రేకులు వెయ్యమంటే ముందే వేసింది. మూత పెట్టమంటే రంగు చూస్తానని తీసింది. నిమ్మకాయ పిండగానే నేరేడు రంగు ఎర్రగా మారితే, "ఓ అవ్వా" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. రచన తెచ్చిన ఐసు సగం కరిగింది, ఉన్నంతే వేశారు. మొదటి గ్లాసు యాదలక్ష్మి తన చేత్తో అందించింది. ఐలవ్వ తాగుతున్నంతసేపూ ఆ గొంతు వైపే చూస్తూ కూర్చుంది. పరమేశ్ గుమ్మంలో నిలబడి రుమాలుతో మొహం తుడుచుకున్నాడు, చెమట అన్నాడు.

"ఎట్లున్నది వదినె?"

"అల్లం తక్కువైంది" అంది ఐలవ్వ, గ్లాసు మళ్లీ ముందుకు చాపుతూ.

సాయంత్రం బస్సు వేళకు సంచీ సర్దుకుంటుంటే కుల్చారం నీళ్ల సీసా చేతికొచ్చింది. దవాఖానకు వచ్చిన రోజునుంచి మూత కూడా తియ్యలేదు. ఐలవ్వ దాన్ని పట్టుకుని పెరట్లోకి పోయి, మందార మొదట్లో ఒక్క చుక్క మిగలకుండా వంపింది. వెనక్కి వచ్చి ఖాళీ సీసాను యాదలక్ష్మి ఒళ్లో పెట్టింది.

"గిండ్ల నింపియ్యి" అంది. "బస్సుల తాగుత."